డీజిలు ఎక్కడికి పోతున్నది?
పాత ఫోర్ వీల్ డ్రైవ్ పాల బండి మైలేజీ పడిపోయినప్పుడు చేయవలసిన విచారణ

(అనంతపురం ప్రాంత పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల అధ్యక్షులు, కార్యదర్శులు, రూటు సూపర్‌వైజర్ల శిక్షణ తరగతిలో సహకార ఇన్‌స్పెక్టర్ ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



సహకార శాఖ ఇన్‌స్పెక్టరు మాట్లాడతాడంటే పద్దులు, ఆడిట్ అభ్యంతరాలు, సర్వసభ్య సమావేశపు కోరం గురించి చెబుతాడని మీరు అనుకొని ఉంటారు. ఈ రోజు నేను పాల బండి గురించి మాట్లాడదలచాను. శాఖలో చేరకముందు పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లమో చదివినవాడిని కనుక, సంఘాల తనిఖీకి పోయినప్పుడు పద్దుల పుస్తకంతోపాటు బండి బానెట్ కూడా ఎత్తి చూడడం నాకు అలవాటు. ఈ రెండింటికీ సంబంధం ఉన్నదని చెప్పడమే నా ఉద్దేశం.

మన ప్రాంతం సంగతి మీకు విదితమే. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల ప్రాంతంలో వాన. అది కూడా అదనులో పడితేనే వేరుశనగ. పంట పోయిన ఏడు ఇంటిలో వారం వారం చేతికి వచ్చే డబ్బు పాల డబ్బే. కావున పాల లీటరు మీద పది పైసలు తగ్గినా అది ఒక్క పశువు మీద బ్రతికే ఇల్లాలి ఉప్పు పప్పులలో తగ్గుతుంది.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. ఒక రూటు బండి రెండు పూటలా కలిపి రోజుకు 96 కిలోమీటర్లు తిరిగి 800 లీటర్ల పాలు తెస్తుందని అనుకుందాం. లీటరు డీజిలుకు 12 కిలోమీటర్లు వస్తే 8 లీటర్లు చాలు. అదే బండి 8 కిలోమీటర్లే ఇస్తే 12 లీటర్లు కావలెను. తేడా రోజుకు 4 లీటర్లు. లెక్క సులువుగా ఉండడానికి లీటరు వంద రూపాయలనుకుంటే రోజుకు 400, నెలకు 12,000 రూపాయలు. ఆ 400 రూపాయలను 800 లీటర్ల మీద పంచితే లీటరు పాలకు సరిగ్గా అర్ధ రూపాయి. ఆ అర్ధ రూపాయి ధరల పట్టికలో ఎక్కడా కనిపించదు. ఎస్.ఎన్.ఎఫ్. కోత అయితే సభ్యుడు వచ్చి అడుగుతాడు, ఈ కోతను అడిగేవారు లేరు.

మన రూట్లకు ఈ బండ్లు ఎందుకు?

ఇంత తాగే బండిని ఎందుకు పెట్టుకోవాలి, మామూలు ఆటో ట్రాలీ చాలదా అని కొందరు అడుగుతారు. తారు రోడ్డు పక్క ఊళ్ళకు చాలును, కాదనను. కానీ బొమ్మనహాళ్ మండలంలో దర్గా హొన్నూరు వైపు పోయినవారికి తెలుసు. వేదవతి, అంటే మన హగరి నది, ఒడ్డున గాలికి కదిలే ఇసుక దిబ్బలు ఉన్నాయి. నిన్న ఉన్న దారి నేడు ఉండదు. కణేకల్లు వైపు కూడా ఇదే పరిస్థితి. పెన్న, చిత్రావతి వంకలలో నీరు ఉన్న నాలుగు రోజులు బురద, లేని మిగతా రోజులంతా ఇసుక. వెనుక చక్రాలు మాత్రమే లాగే బండి అక్కడ దిగబడితే పాలు ఎండలో నిలుస్తాయి. మే నెలలో 40 డిగ్రీలు దాటిన ఎండలో క్యానులోని పాలు విరగడానికి ఎక్కువ సేపు పట్టదు. ఆ పూట ఆ ఊరి పాలన్నీ నష్టమే.

జీపు 1941 నుండి యుద్ధంలో సైన్యం కోసం పెద్ద ఎత్తున తయారైన బండి. 1940ల చివరి నుండి మహీంద్రా వారు మన దేశంలో దానిని కూర్చుతూ వచ్చారు. తరువాత వాటికి డీజిలు ఇంజన్లు, వెనుక పొడుగు ట్రాలీలు వచ్చాయి. ఆ వంశపు పికప్ బండ్లు ఇప్పటికీ కొన్ని సంఘాలలో, కొందరు రూటు కాంట్రాక్టర్ల వద్ద తిరుగుతున్నాయి. కొత్తది కొనే స్తోమత లేని సంఘానికి పాత ఫోర్ వీల్ బండి ముసలి ఎద్దు వంటిది. దాని గుణం తెలిసి మేపితే ఇంకా పని చేస్తుంది.

ముందు అనుమానం ఎవరి మీద?

మైలేజీ పడిపోయిందని తెలిసిన వెంటనే కమిటీలో మొదట వినిపించే మాట ఒక్కటే: డ్రైవరు డీజిలు తీస్తున్నాడు. డీజిలు దొంగతనం లోకంలో లేదని నేను అనను. కానీ కొలవకుండా ఆ మాట అనడం, పాలు పరీక్షించకుండా సభ్యురాలిని నీళ్ళు కలిపావని అనడం వంటిదే. ఆమె మీద అలాంటి మాట వస్తే మనం ఏమి చేస్తాము? నమూనా తీస్తాము, మిషన్‌లో పెడతాము, చీటీ చూపిస్తాము. డ్రైవరుకు కూడా ఆ న్యాయమే జరగవలెను.

ఒక సంఘంలో జరిగిన సంగతి చెబుతాను. సంఘం పేరు, మనుషుల పేర్లు చెప్పను. హగరి ఇసుక దారి ఉన్న రూటు. లాగ్ బుక్కు ప్రకారం మునుపు 12 వచ్చే మైలేజీ 8కి పడింది. కమిటీ వారు రెండు నెలలుగా ఆ తేడా డీజిలు ఖరీదు డ్రైవరు జీతంలో పట్టుకున్నారు. అతనిని తీసివేయాలని ఒక తీర్మానం, ఖర్చు తట్టుకోలేక చివరి రెండు ఊళ్ళను రూటు నుండి తీసివేయాలని ఇంకొక తీర్మానం చిత్తు ప్రతిలో సిద్ధంగా ఉన్నాయి. ఆ రెండు ఊళ్ళలో పాలు పోసేవారు ఎక్కువమంది ఆడవారే. బండి రాకపోతే వారికి వేరే దారి లేదు. తనిఖీకి పోయిన నేను, ఆ తీర్మానాలను వారం రోజులు ఆపి బండిని వరుసగా చూద్దామన్నాను. మేము చూసిన వరుసే మీకు ఇప్పుడు చెప్పబోతున్నాను. ఖర్చు లేనివి ముందు, ఖర్చు ఉన్నవి వెనుక. ఈ వరుస తప్పకూడదు.

మొదటిది: కొలత సరిగా ఉన్నదా?

బంకులో ట్యాంకు నిండా పట్టించి మీటరు రీడింగు రాసుకొనవలెను. నాలుగైదు రోజులు మామూలు రూటు తిరిగిన తరువాత అదే బంకులో, అదే చోట బండి నిలిపి మళ్ళీ అదే మట్టానికి నింపవలెను. రెండవసారి పట్టిన లీటర్లతో తిరిగిన కిలోమీటర్లను భాగిస్తే వచ్చేదే మైలేజీ. సగం ట్యాంకు ముల్లు చూసి చెప్పే లెక్క లెక్క కాదు. బంకు కొలత మీద అనుమానం ఉంటే ముద్ర వేసిన 5 లీటర్ల కొలపాత్రతో పట్టి చూపమని అడగండి. ఆ పాత్ర ప్రతి బంకులో ఉండవలెను, అడిగే హక్కు మీకున్నది.

తరువాత మీటరు. పాత బండ్లలో స్పీడోమీటరు కేబులు తెగి, కిలోమీటర్లు అందాజుగా రాసుకొనే సంఘాలను చూశాను. అక్కడ మైలేజీ మాటే ఎత్తకూడదు. మీటరు పని చేస్తున్నా అది సరిగా చెబుతున్నదా అన్నది వేరే ప్రశ్న. ఇసుకలో బాగా పోతుందని పెద్ద సైజు టైర్లు వేయిస్తారు. పెద్ద చక్రం ఒక్క చుట్టుకు ఎక్కువ దూరం పోతుంది, మీటరు మాత్రం పాత చక్రం లెక్కనే చెబుతుంది. అంటే బండి నడిచిన దూరం ఎక్కువ, పుస్తకంలో ఎక్కేది తక్కువ. హైదరాబాదు–బెంగళూరు జాతీయ రహదారి మీద కిలోమీటరు రాళ్ళు ఉన్నాయి. ఇరవై రాళ్ళు దాటేసరికి మీటరు ఎంత చూపిందో రాసుకుంటే తేడా తెలుస్తుంది.

నేను చెప్పిన సంఘపు బండిలో నూరు కిలోమీటర్లకు మీటరు 92 మాత్రమే చూపుతున్నది. ఏడాది క్రితం పెద్ద టైర్లు వేయించింది కమిటీ వారే. రోజుకు పుస్తకంలో 88 కిలోమీటర్లు, డీజిలు 11 లీటర్లు, మైలేజీ 8. నిజంగా బండి తిరిగింది సుమారు 96 కిలోమీటర్లు. అంటే మైలేజీ 8.7. ఒక్క నట్టు విప్పకుండానే పోయిన దానిలో కొంత దొరికింది.

ఇంకొక మాట. మునుపటి 12 ఏ రోజులది? విచారిస్తే, చివరి రెండు ఊళ్ళను చేర్చకముందు, రూటు ఎక్కువగా తారు రోడ్డు మీద ఉన్నప్పటిది. ఇసుకలో మెల్లగా, చిన్న గేరులో పోయే బండికి తారు రోడ్డు మైలేజీ రమ్మంటే రాదు. అలాగే ఆషాఢంలో మన పీఠభూమి మీద వీచే ఎదురుగాలికి నిలువెత్తు క్యానుల బండి ఎక్కువ తాగుతుంది. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు కదా. కాబట్టి ఆషాఢపు లెక్కను ఆషాఢంతోనే పోల్చవలెను.

రెండవది: డీజిలు కారుతున్నదా?

రాత్రి బండి కింద పాత వార్తాపత్రికలు పరచండి. తెల్లవారి మరకలు చూడండి. పది సెకన్లకు ఒక చుక్క చొప్పున కారితే రోజుకు 8,640 చుక్కలు. ఇరవై చుక్కలు ఒక మిల్లీలీటరు అనుకున్నా రోజుకు 430 మిల్లీలీటర్ల పైచిలుకు. నాజిళ్ళ నుండి ట్యాంకుకు తిరిగి పోయే సన్న పైపు, దాని వాషర్లు ఇంజను నడిచేటప్పుడు మాత్రమే కారుతాయి. కావున ఇంజను ఆడిస్తూ కూడా చూడవలెను. దుమ్ము అంటుకొని తడిగా, నల్లగా ఉన్న చోటు ఏదైనా అనుమానించదగినదే.

బయటికి కనబడని కారుడు ఒకటి ఉన్నది. కొన్ని పాత ఇంజన్లలో డీజిలు ఎత్తే చిన్న పంపు డయాఫ్రం చిరిగితే డీజిలు ఇంజను ఆయిలులోకి దిగుతుంది. గేజి పుల్ల తీసి చూస్తే ఆయిలు మట్టం తగ్గవలసింది పోయి పెరిగి ఉంటుంది, పలుచగా ఉండి డీజిలు వాసన వేస్తుంది. అలా ఉంటే ఆ బండిని ఒక్క మైలు కూడా నడపకండి. పలుచబడిన ఆయిలుతో బేరింగులు పోతే ఆ ఖర్చు ముందు మైలేజీ ఖర్చు ఏపాటిది?

మూడవది: బండి తేలికగా దొర్లుతున్నదా?

ఫోర్ వీల్ బండిలో అసలు రహస్యమంతా ఇక్కడే ఉన్నది. సమతలంగా, ఖాళీగా ఉన్న రోడ్డు మీద 40 వేగం అందుకొని న్యూట్రల్ చేసి, ఎన్ని గజాలు దొర్లి ఆగిందో చూడండి. అదే చోట ఎదురు దిశలో కూడా చూస్తే గాలి, వాలు తేడా సర్దుకుంటుంది. ఈ పరీక్షలో ఇంజను ఆపరాదు. ఆపితే బ్రేకుకు బలం తగ్గుతుంది. మరమ్మతు తరువాత మళ్ళీ చూసినప్పుడు దొర్లే దూరం పెరిగితే మీ పని ఫలించినట్లే.

పది పదిహేను కిలోమీటర్లు తిరిగి వచ్చిన వెంటనే నాలుగు డ్రమ్ముల వద్దకు చెయ్యి జాగ్రత్తగా తీసుకొనిపోండి. ముట్టుకోవద్దు, సెగ చాలు. ఒకటి మిగతా వాటికంటే బాగా వేడిగా ఉంటే అక్కడ బ్రేకు పట్టుకొని ఉన్నట్లు. జాకీ ఎత్తి చక్రం తిప్పితే తెలిసిపోతుంది. కొన్ని పాత జీపులలో హ్యాండ్ బ్రేకు గేరుపెట్టె వెనుక షాఫ్టు మీద ఉంటుంది. దానిని కూడా చూడవలెను. టైర్ల గాలి చల్లగా ఉన్నప్పుడు కొలవవలెను. ఇసుక కోసం గాలి తగ్గించిన డ్రైవరు తారు ఎక్కగానే మళ్ళీ కొట్టించకపోతే డీజిలూ టైర్లూ రెండూ పోతాయి. ముందు టైర్ల అంచులు రంపపు పళ్ళలా అరిగితే అలైన్‌మెంట్ తప్పినట్లు.

ఇక ఫోర్ వీల్ గేరు. ఈ పాత బండ్లలో ముందు ఇరుసుకు, వెనుక ఇరుసుకు మధ్య తేడాను సర్దే డిఫరెన్షియల్ లేదు. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు పెద్ద వంపులో పోతాయి, వెనుకవి చిన్న వంపులో పోతాయి. కాని గేరు వేసి ఉంటే రెండు షాఫ్టులూ ఒకే వేగంతో తిరగక తప్పదు. ఇసుకలో చక్రం కొంచెం జారి ఆ తేడాను సర్దుకుంటుంది. తారు మీద జారదు. అప్పుడు ముందు వెనుక చక్రాలు ఒకదానితో ఒకటి పెనుగులాడుతాయి. స్టీరింగు బరువెక్కుతుంది, టైర్లు అరుస్తాయి, డీజిలు ఆ పెనుగులాటకు పోతుంది. గేరు కర్ర బయటికి రాకుండా బిగుసుకుంటే బలంగా లాగవద్దు. నాలుగు గజాలు వెనుకకు పోనిస్తే సడలుతుంది. ముందు వెనుక వేర్వేరు సైజుల టైర్లు వేసినా, గుజరీ నుండి వేరే పళ్ళ లెక్క గల ఇరుసు తెచ్చి బిగించినా, గేరు వేసినప్పుడల్లా ఈ పెనుగులాటే. ఇసుక దాటగానే ఫోర్ వీల్ గేరు తీయడం డ్రైవరుకు పాలు దించడం అంత అలవాటు కావలెను.

గేరు తీసినా ఒక పని మిగులుతుంది. కొన్ని బండ్లలో ముందు చక్రాల హబ్బుల మీద చేతితో తిప్పే లాకు ఉంటుంది. లాకు వేసి ఉన్నంత కాలం, ఇంజను బలం ముందుకు పోకపోయినా, చక్రాలే ముందు ఇరుసు లోపలి పళ్ళను, ముందు షాఫ్టును వెంట తిప్పుతూ ఉంటాయి. అది కూడా డీజిలుతో తిరిగేదే. దానివల్ల పోయేది కొద్దిగానే అయినా, 365 రోజులు పోతుంది.

ఆ సంఘపు బండిలో హబ్బు లాకులు తుప్పుతో బిగుసుకొని ఏ కాలం నుండి వేసి ఉన్నవో ఎవరికీ తెలియదు. వెనుక ఎడమ డ్రమ్ము సెగలు కక్కుతున్నది. లోపల సిలిండరు దుమ్ముతో పట్టుకొని ఉన్నది. టైర్లలో గాలి తక్కువ. లాకులు విప్పి శుభ్రం చేసి గ్రీసు పెట్టించి, బ్రేకు సరిచేసి, గాలి కొట్టించిన తరువాత రోజుకు 11 లీటర్లు పట్టేది 9.7 అయింది. అంటే 9.9 మైలేజీ.

నాలుగవది: ఇంజను ఊపిరి, వేడి

ఇప్పుడు మాత్రమే ఇంజను జోలికి పోవలెను. ముందుగా ఎయిర్ క్లీనరు. మన దుమ్ముకు ఇది మొదటి బలి. ఆయిలు తొట్టి రకమైతే అడుగున చేరిన బురద తీసి, గుర్తు వరకే కొత్త ఆయిలు పోయవలెను. గుర్తు దాటి పోస్తే ఇంజను ఆ ఆయిలును పీల్చుకుంటుంది. కాగితం రకమైతే లోపలి నుండి బయటికి మెల్లగా గాలి కొట్టవలెను. నీళ్ళతో కడగరాదు. మరీ నల్లబడితే మార్చవలసిందే.

పొగ రంగు చూడడం నేర్చుకోండి. బరువు లాగేటప్పుడు నల్లపొగ వస్తే గాలి తక్కువ లేక డీజిలు ఎక్కువ. ఇంజను వేడెక్కిన తరువాత కూడా తెల్లపొగ వస్తే డీజిలు కాలకుండా పోతున్నది, పంపు టైమింగ్ లేక కంప్రెషన్ చూడవలెను. నీలిపొగ వస్తే ఇంజను ఆయిలు కాలుతున్నది. నాజిళ్ళను చేతి పంపు మీద పెట్టి చిమ్ముడు చూపే షాపులు పట్టణాలలో ఉన్నాయి. చిమ్మినప్పుడు పొగమంచులా రావలెను, ధారగా కారితే ఆ నాజిలు పని అయిపోయినట్లు. టాపెట్ల సందు కూడా పుస్తకంలో చెప్పిన కొలతకు పెట్టించవలెను. కానీ పంపు మీది సీలు తెంచి మరను తిప్పి "పికప్ పెంచుతాను" అనే మెకానిక్కును నమ్మకండి. బలం వస్తుంది, నల్లపొగ వస్తుంది, మైలేజీ పోతుంది. కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్లు అవుతుంది.

ఇంకొకటి మన ఎండ ప్రాంతపు ప్రత్యేక జబ్బు. బండి వేడెక్కుతున్నదని థర్మోస్టాట్ వాల్వు తీసి పారవేస్తారు. ఆ వాల్వు ఇంజను నీరు తగిన వేడికి, అంటే చాలా ఇంజన్లలో 80 డిగ్రీల ప్రాంతానికి, వచ్చేవరకు రేడియేటరు దారి మూసి ఉంచుతుంది. అది లేకపోతే తెల్లవారుజామున బయలుదేరి, ప్రతి ఊళ్ళో ఆగే పాల బండి ఇంజను తగిన వేడికి రావడానికే చాలా సేపు పడుతుంది. చల్లని ఇంజను ఎక్కువ డీజిలు తాగుతుంది, తొందరగా అరుగుతుంది. బండి వేడెక్కితే చూడవలసింది రేడియేటరు మట్టి, ఫ్యాను బెల్టు, నీటి పంపు.

మన బండిలో ఎయిర్ క్లీనరు తొట్టి నిండా బురద, థర్మోస్టాట్ చోటు ఖాళీ. ఈ రెండూ సరిచేయగా రోజుకు 9.1 లీటర్లు, మైలేజీ 10.5 అయింది. నాజిళ్ళు, పంపు జోలికి పోనే లేదు.

అయిదవది: బండిని ఎలా వాడుతున్నాము?

ఆ రూటులో తొమ్మిది సెంటర్లు. ఒక్కొక్క చోట పాలు కొలిచి, పరీక్షించి, క్యాను ఎక్కించేవరకు అయిదు నిమిషాలు ఇంజను ఆడుతూనే ఉన్నది. పూటకు 45 నిమిషాలు, రోజుకు గంటన్నర. ఇలాంటి ఇంజను ఊరికే ఆడినా గంటకు సుమారు అర లీటరు తాగుతుంది. అంటే రోజుకు ముప్పావు లీటరు గాలిలో కలిసినట్లే. ఎందుకు ఆపడం లేదని డ్రైవరును అడిగాను. "ఆపితే మళ్ళీ స్టార్ట్ కాదు సార్, బ్యాటరీ చచ్చి ఏడాదైంది. ఇసకలో తోసేదానికి మనుషులెవురున్నారు?" అన్నాడు. బ్యాటరీ కావాలని అతడు రాసిచ్చిన అర్జీ సంఘం ఫైలులోనే ఉన్నది. "వచ్చే నెల చూద్దాం" అని దాని మీద రాసి ఉన్నది. బ్యాటరీ కొనకుండా చేసిన పొదుపు డీజిలు రూపంలో ఎప్పుడో ఖర్చయిపోయింది. కొత్త బ్యాటరీ వచ్చింది, ప్రతి సెంటరులో ఇంజను ఆగింది. రోజుకు 8.4 లీటర్లు, మైలేజీ 11.4.

మరి కొన్ని చిన్న సంగతులు. నలభై లీటర్ల క్యాను నిండితే పాలే 41 కిలోలు. అనవసరమైన ఖాళీ క్యానులు, పాత స్టెప్నీలు, ఇంకెవరివో దాణా మూటలు మోయవద్దు. దిగుడులో న్యూట్రల్ చేస్తే ఆదా అనే భ్రమ విడవండి. గేరులో ఉండి యాక్సిలేటరు వదిలితే డీజిలు పంపు తానే దాదాపు పూర్తిగా ఆపుకుంటుంది. న్యూట్రల్‌లో అయితే ఇంజను ఆడడానికి డీజిలు కావలెను, పైగా బ్రేకు మీద భారం. పెనుకొండ, హిందూపురం వైపు ఎత్తుపల్లాల రోడ్లలో ఇది ప్రాణాలతో చెలగాటం. క్లచ్ జారుతున్నదేమో కూడా చూడండి. ఎత్తులో ఇంజను అరుపు పెరిగి బండి వేగం పెరగకపోతే జారుతున్నట్లే.

ఫలితం

ఆ వారం ముగిసేసరికి డీజిలు రోజుకు 11 లీటర్ల నుండి 8.4 లీటర్లకు వచ్చింది. ఆదా 2.6 లీటర్లు, అంటే నెలకు సుమారు 7,800 రూపాయలు. మరమ్మతులకు, బ్యాటరీకి అయిన ఖర్చు పోను మూడవ నెల నుండి అది సంఘానికి మిగులుతున్నది. 12 మాత్రం రాలేదు. పాత ఇంజనుకు, ఇసుక దారికి అది రాదని కమిటీ ఒప్పుకొని, 11ను ఆ రూటు ప్రమాణంగా రాసుకున్నది. రెండు ఊళ్ళను తీసివేసే తీర్మానం చిత్తు ప్రతిలోనే ఆగిపోయింది. డ్రైవరు జీతంలో పట్టుకున్న సొమ్ము తిరిగి ఇచ్చారు. సొమ్ము తీసుకుంటూ అతడన్న మాట కమిటీ వారందరూ విన్నారు: "దుడ్డు సంగతి అట్లుండనీ సార్. ఊర్లో పోయిన పేరు ఎవురిస్తారు?"

అధ్యక్షులు పెద్దమనిషి. ఆ తరువాతి సర్వసభ్య సమావేశంలో, నేను అడగకుండానే, డీజిలు పోయిన దారులన్నీ వరుసగా చదివి, అందులో దొంగతనం లేదని సభ్యుల ముందు చెప్పి మినిట్స్‌లో రాయించారు. పోయిన పేరు కొంతైనా తిరిగి రావడానికి సంఘంలో అంతకు మించిన దారి లేదు.

ఒక సంగతి గుర్తుంచుకోండి. ఈ అయిదూ సరిగా ఉండి, కొలత కూడా సరిగా ఉండి, అప్పటికీ డీజిలు తగ్గుతుంటే అప్పుడు మనిషిని అడగవచ్చును. అప్పుడు మీ చేతిలో లెక్క ఉంటుంది. మంచి లాగ్ బుక్కు నిజాయితీపరుడైన డ్రైవరుకు రక్ష, అలా కానివాడి నుండి సంఘానికి రక్ష.

చివరగా మీ అందరికీ నా మనవి. ప్రతి రూటు బండికి ఒక చిన్న పుస్తకం పెట్టండి. అందులో ఈ గడులు చాలు: తేదీ, మీటరు రీడింగు, నింపిన లీటర్లు, తెచ్చిన పాలు, టైరు గాలి, ఎయిర్ క్లీనరు శుభ్రం చేసిన రోజు, ఆయిలు మట్టం, ఇసుక దారి కిలోమీటర్లు, డ్రైవరు చెప్పిన లోపం. ఈ చివరి గడి ముఖ్యం. డ్రైవరు చెప్పిన లోపం పక్కన కమిటీ ఏమి చేసిందో, ఏ తేదీన చేసిందో కూడా రాయండి. నెలాఖరున లీటరు పాలకు డీజిలు ఎన్ని పైసలు పడిందో లెక్క కట్టి, పాల ధరల పట్టిక పక్కనే గోడకు అంటించండి. అర్ధ రూపాయి ఎక్కడికి పోతున్నదో పాలు పోసే ప్రతి సభ్యురాలికీ కనిపించనీయండి. రేపటి నుండి నేను తనిఖీకి వచ్చినప్పుడు పద్దుల పుస్తకంతోపాటు ఈ పుస్తకం కూడా అడుగుతాను.